పదో తరగతి తర్వాత డిప్లొమా సివిల్ తీసుకోవచ్చా? చదివినవాళ్లు, ఫీల్డులో ఉన్నవాళ్లు చెప్పండి

కర్నూలు_అక్క
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ ఏడాది పది పాసయ్యాడు, పాలిసెట్ రాశాడు. ర్యాంకు మరీ గొప్పది కాదు గానీ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వస్తుందని వాళ్ల స్కూల్ సార్ అంటున్నారు. వచ్చే వారం వెబ్ ఆప్షన్లు పెట్టాలి. వాడేమో సివిల్ తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు, మా నాన్నేమో సివిల్ తప్ప ఏదైనా పెట్టమంటున్నాడు. మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ, అన్నం దగ్గర కూడా ఇదే.

నాన్న తాపీ మేస్త్రీ. 25 ఏళ్లుగా అదే పని. మా ఊళ్లో చాలా ఇళ్లు ఆయన చేతి మీద లేచినవే. "నేను ఎండలో మాడింది చాలదా, వీడు కూడా సిమెంటులోనే పడాలా, కంప్యూటర్ తీసుకోమను, ఫ్యాన్ కింద కూర్చుంటాడు" అని ఆయన బాధ. తమ్ముడు సెలవుల్లో నాన్నతో పనికి పోతాడు. పునాదికి ముగ్గు వేసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకునేది వాడే. వాడికి ఆ పని నిజంగా ఇష్టం, ఫ్రెండ్స్‌ని చూసి అంటున్న మాట కాదు.

నేను బీకాం చదివాను, ఈ లైన్ గురించి నాకేమీ తెలీదు. మూడేళ్లలో అసలు ఏం నేర్పిస్తారు, అయ్యాక ఏం పని దొరుకుతుంది, జీతం ఎలా ఉంటుంది, దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాన్నకి చదివి వినిపిస్తాను.


సెకండియర్_సివిల్
శనివారం, రాత్రి 9:32

అక్కా, నేను ఇప్పుడే సెకండియర్‌లోకి వచ్చాను. ఫస్టియర్ అంతా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్, డ్రాయింగ్ ఇలాగే ఉంటుంది, వాటితోపాటు మాకు మెకానిక్స్, సర్వేయింగ్ కూడా మొదటి ఏడాదే మొదలయ్యాయి. మీ తమ్ముడు తెలుగు మీడియం అయితే మొదటి మూడు నెలలు కష్టంగా ఉంటుందని ముందే చెప్పండి. నేనూ తెలుగు మీడియమే. మెకానిక్స్ క్లాసులో మూమెంట్ మూమెంట్ అంటుంటే నాకు ఒక్క ముక్క ఎక్కలేదు, బయటికొచ్చి ఏడ్చినంత పని అయింది. తర్వాత సార్ క్లాసు తలుపు దగ్గరికి తీసుకెళ్లి ముందు బందుల దగ్గర తోసి చూడు, ఇప్పుడు గడియ దగ్గర తోసి చూడు అన్నారు. బందుల దగ్గర ఎంత బలంగా తోసినా కదల్లేదు, గడియ దగ్గర వేలితో తోస్తే తెరుచుకుంది. అదే మూమెంట్ అన్నారు. అంతే, ఇక ఎప్పుడూ మర్చిపోలేదు.

మ్యాథ్స్, మెకానిక్స్ మాత్రం వదలొద్దని చెప్పండి. మా క్లాసులో బ్యాక్‌లాగులు ఎక్కువ ఉన్నది ఆ రెండింట్లోనే.


డెల్టా_లెవెల్
శనివారం, రాత్రి 11:05

అమ్మా, మీ నాన్నగారి బాధ అర్థమైంది, దానికి జవాబు చెప్పేముందు చదువు సంగతి చెబుతాను. నేను కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో 2004లో డిప్లొమా పూర్తి చేశాను. అప్పటి నుంచి కాలువలు, రోడ్లు, మధ్యలో కొన్నాళ్లు బ్రిడ్జి పని.

నాకు ఇవాళ అన్నం పెడుతున్నది సర్వేయింగ్. ఫస్టియర్‌లో గొలుసు పట్టించారు. 30 మీటర్ల గొలుసు, 150 లింకులు, ఎండలో కాలితే చేతులు చురుక్కుమనేవి. తర్వాత కంపాస్, ఎత్తుల తేడాలు కొలిచే లెవెలింగ్, కోణాలు కొలిచే థియోడలైట్. ఒకరోజు మా సార్ పొద్దున్నే ఆరింటికి రమ్మని, కాలేజీ గేటు దగ్గర ఒక రాయి మీద మొదలుపెట్టి గ్రౌండు చుట్టూ లెవెల్స్ తీసుకుంటూ మళ్లీ అదే రాయి మీదికి రమ్మన్నారు. తిరిగి వచ్చేసరికి మా పుస్తకంలో 45 మిల్లీమీటర్ల తేడా. బయల్దేరిన రాయి, చేరిన రాయి ఒకటే, ఎత్తులు మాత్రం రెండు. మా బ్యాచ్‌లో ఒకడు భయపడి మధ్యలో ఒక రీడింగ్ దిద్దేశాడు, లెక్క అతికింది. సార్ పుస్తకం తిరగేశారు, ఒక్క మాట అనలేదు, ఆ రీడింగ్ తీసిన చోటికే మమ్మల్ని మళ్లీ తీసుకెళ్లి స్టాఫ్, అంటే అంకెలున్న పొడుగాటి కొలబద్ద, పెట్టించి చదవమన్నారు. నలుగురం వరసగా చదివాం. నలుగురికీ పాత అంకే వచ్చింది. తప్పు అక్కడ లేదు, ఇంకెక్కడో ఉంది, దిద్దుబాటు వల్ల అది కనపడకుండా పోయింది.

అప్పుడు చెప్పారాయన. బ్యాక్‌సైట్ల (వెనక పాయింట్ల మీది రీడింగుల) మొత్తంలోంచి ఫోర్‌సైట్ల (ముందు పాయింట్ల మీది రీడింగుల) మొత్తం తీసేస్తే, చివరి ఆర్‌ఎల్‌కి మొదటి ఆర్‌ఎల్‌కి, అంటే ఆ పాయింట్ల ఎత్తులకి, ఉన్న తేడా రావాలని పుస్తకంలో ఉంటుంది. మీరు కూడికలు, తీసివేతలు సరిగ్గా చేశారని ఆ చెకింగ్ చెబుతుంది, స్టాఫ్ సరిగ్గా చదివారని చెప్పదు. స్టాఫ్ సరిగ్గా చదవాలంటే దాన్ని నిలువుగా పట్టుకోవాలి. అనుమానమొస్తే ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపమనాలి, అందులో అన్నిటికన్నా తక్కువ వచ్చిన రీడింగే అసలు రీడింగ్. మిషన్ని వెనక పాయింటుకీ ముందు పాయింటుకీ సమాన దూరంలో పెట్టాలి, అప్పుడు మిషన్లో చిన్న దోషం ఉన్నా రెండు వైపులా ఒకేలా పడి కొట్టుకుపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా డెల్టా కాలువల్లో వాలు చాలా తక్కువ. 5000కి 1 వాలు అనుకోండి, అంటే కిలోమీటరుకి 20 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. నువ్వు కిలోమీటరులో 5 సెంటీమీటర్లు తప్పు చేస్తే వాలులో నాలుగో వంతు పోయినట్టే. ఆ చివర ఉన్న రైతు పొలానికి నీళ్లు సరిగ్గా ఎక్కవు. ఎందుకు ఎక్కలేదో ఆయనకి తెలీదు. నాకు తెలుసు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మా వైపు ప్రతి ఇంట్లో తెలుసు. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణం వీరన్న గారి పేరు కూడా తెలుసుకోమనండి మీ తమ్ముణ్ణి. డిజైన్ చేసినాయనకీ రాయి మోసినాయనకీ మధ్య నిలబడి, కాగితం మీదున్నది నేల మీదికి దించే మనిషి ఒకడు కావాలి. డిప్లొమా సివిల్ అంటే ఆ మనిషిని తయారుచేసే చదువు.


ఆదివారం_లేదు
ఆదివారం, ఉదయం 7:48

అందరూ మంచిగా చెప్తున్నారు, నేను రెండో వైపు చెప్తాను, అక్క ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి. నాది మహబూబ్‌నగర్. డిప్లొమా అయ్యాక 2021లో హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ల కంపెనీలో చేరాను, 12 వేలు. రూము, తిండి, బస్సు పోగా నెలాఖరుకి ఇంటి నుంచే డబ్బులు తెప్పించుకునేవాణ్ణి. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే శ్లాబు ఉన్న రోజు రాత్రి ఒంటిగంట. ఆదివారం కూడా రమ్మనేవాళ్లు. మధ్యలో మూడు నెలలు జీతం ఆపేశారు, అడిగితే బిల్లు రాలేదన్నారు. పేరుకి సైట్ ఇంజనీర్, చేయించేది మాత్రం గేటు దగ్గర ఇసుక లారీలు లెక్కపెట్టడం, సిమెంటు బస్తాలు రాసుకోవడం. ఏడాదిన్నర తర్వాత మానేశాను.

పని చెడ్డదని అనట్లేదు. నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ మొదటి మూడు నాలుగేళ్లు ఇంట్లో ఆర్థికంగా తట్టుకునే స్తోమత ఉందా అని చూసుకోండి. అది లేకుండా వస్తే పిల్లాడు నలిగిపోతాడు.


క్యూబ్_టెస్ట్
ఆదివారం, ఉదయం 10:20

తమ్ముడూ, నువ్వు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం, చాలామందికి మొదటి ఉద్యోగం అలాగే ఉంటుంది. నాది కూడా అక్కడి నుంచే మొదలు. కానీ లారీలు లెక్కపెట్టే దగ్గర ఆగిపోకూడదంటే చేతిలో ఒక పని గట్టిగా వచ్చి ఉండాలి. నాకది మెటీరియల్ టెస్టింగ్. క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో 6 ఏళ్లుగా ఉన్నాను.

అక్కా, మీ తమ్ముడికి కాంక్రీట్ ల్యాబ్ అంటే ఏంటో నేను చెబుతాను. 15 సెంటీమీటర్ల క్యూబు అచ్చులో కాంక్రీటు మూడు పొరలుగా వేసి, చేత్తో అయితే పొరకి 35 పోట్లు పొడుస్తాం. మర్నాడు విప్పి నీళ్ల తొట్టిలో వేస్తాం. 28 రోజులకి తీసి మిషన్లో పెట్టి పగలగొడతాం. ఎం25 కాంక్రీటు అనుకోండి, అంటే చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్లు ఓర్చాలి, 150 ఇంటూ 150 ఇంటూ 25 వేస్తే 5,62,500 న్యూటన్లు, అంటే 562 కిలోన్యూటన్ల దాకా ముళ్లు పోవాలి. అంతకుముందే పగిలితే ఆ కాంక్రీటు మీద ప్రశ్న లేచినట్టే.

ఒక మే నెలలో మధ్యాహ్నం రెండింటికి శ్లాబు. మిక్సర్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంటన్నర ఆలస్యం. వచ్చేసరికి కాంక్రీటు బిగుసుకుంటోంది, కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ కోన్ ఎత్తితే కదలట్లేదు. పంపు వాళ్లు పైపు తీసి డ్రమ్ములో నీళ్లు వదలబోయారు. నేను ఆపబోయాను. "ఒక్క బకెట్ నీళ్లకి ఏమవుతుంది మేడం, శ్లాబు మధ్యలో ఆగిపోతే మీరు జవాబు చెబుతారా" అని అందరూ నా మీదికొచ్చారు. నాకు చేతులు వణికాయి. నీళ్లు పోయకముందు మూడు క్యూబులు తీశాను, వాళ్లు పోశాక మూడు తీశాను, నీళ్లు పోసిన ఆ కాంక్రీటుని మాత్రం శ్లాబులోకి రానివ్వలేదు, దాన్ని బయట నేల బెడ్డుకి వాడారు. 28 రోజులకి నీళ్లు పోయని క్యూబు 690 దగ్గర పగిలింది, నీళ్లు పోసింది 520 దగ్గర. పగిలిన ఆ రెండు ముక్కలు ఇప్పటికీ మా ల్యాబు అరలో పక్కపక్కన ఉన్నాయి. కొత్తగా ఎవరైనా చేరితే ముందు వాటిని చేతికిచ్చి చూడమంటాను. నీళ్లు ఎక్కువైన ముక్కలో సన్న సన్న బొక్కలు కంటికే కనిపిస్తాయి.

ఇంకో మాట, ఈ థ్రెడ్ ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా చూస్తారు కాబట్టి రాస్తున్నాను. నేను సివిల్ తీసుకుంటానంటే మా ఇంట్లో కూడా ఒప్పుకోలేదు. సైట్లో ఇబ్బందులున్నాయి, ముఖ్యంగా బాత్రూం. కొన్ని సైట్లలో ఉండదు, ఉన్నా తాళం ఉండదు. ఉద్యోగంలో చేరేముందే ఈ మాట మొహమాటపడకుండా అడగండి. ఆ ఒక్కటీ సరిగ్గా ఉంటే మిగతావన్నీ మనం నెగ్గుకు రాగలం.


ఈసెట్_2016
ఆదివారం, మధ్యాహ్నం 12:02

ముందు దారుల సంగతి చెప్పేస్తాను, అక్కకి ఉపయోగపడుతుంది.

డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు. 200 మార్కులు, అందులో 100 మన సివిల్ సబ్జెక్టులే, 50 మ్యాథ్స్, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. నేను అలాగే వెళ్లాను. ఇంటర్ చదివి వచ్చినవాళ్లకి మ్యాథ్స్ బలం ఎక్కువ, మనకి డ్రాయింగ్, సర్వే, ఎస్టిమేషన్ బలం ఎక్కువ, అక్కడ రెండూ సరిపోతాయి.

ప్రభుత్వం వైపు చూస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులకి డిప్లొమా చాలు, ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్)కి బీటెక్ కావాలి. కేంద్రంలో ఎస్‌ఎస్‌సీ జూనియర్ ఇంజనీర్, రైల్వే జేఈ ఉన్నాయి. ఎస్‌ఎస్‌సీ జేఈ మూల వేతనం 35,400. ఆంధ్రాలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా, పట్టణాల్లో వార్డు ఎమినిటీస్ సెక్రటరీలుగా మా సీనియర్లు, జూనియర్లు చాలామంది చేరారు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, వాటి కోసమే చదువుతూ ఇంట్లో నాలుగేళ్లు కూర్చున్నవాళ్లు కూడా నాకు తెలుసు. ఉద్యోగం చేస్తూ చదవడం కష్టమే అయినా అదే మంచిది.

ఇంకోటి, డిప్లొమా అవ్వగానే ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది, 1961 అప్రెంటిస్ చట్టం కింద, స్టైపెండ్ ఇస్తారు. ప్రభుత్వ రంగ సంస్థల్లో దొరికితే వదలొద్దు.


ఆదివారం_లేదు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

క్యూబ్_టెస్ట్ అక్కా, మీరు చెప్పింది చదివాక ఒకటి అనిపించింది. నాకు ఏ పనీ గట్టిగా రాకుండానే బయటికొచ్చాను. మా కాలేజీలో టోటల్ స్టేషన్, అంటే దూరాలు, కోణాలు కొలిచే సర్వే మిషన్, బీరువాలో ఉండేది, మూడేళ్లలో రెండుసార్లు బయటికి తీశారు, రెండుసార్లూ దూరం నుంచి చూశాం.


ట్రైనింగ్_లేనివాడు
ఆదివారం, రాత్రి 8:55

ఈ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు. ఇక్కడ చెబితే ఒక్క పిల్లాడికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

డిప్లొమాలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. సైట్లో నిజంగా పనిచేస్తూ నేర్చుకోవాల్సిన కాలం. నేను చెయ్యలేదు. మా బంధువు ఒకాయన కాంట్రాక్టరు, ఆయన దగ్గర చేసినట్టు సర్టిఫికెట్ రాయించుకున్నాం. లాగ్‌బుక్ సీనియర్‌ది చూసి కాపీ కొట్టాను. ఆరు నెలలూ ఇంట్లో ఉన్నాను, అప్పట్లో అది గెలుపులా అనిపించింది. మా బ్యాచ్‌లో ఇంకా కొందరు ఇలాగే చేశారు.

మొదటి ఉద్యోగంలో రెండో వారం, నాలుగంతస్తుల బిల్డింగ్, కాలమ్‌లు మార్క్ చెయ్యమని డ్రాయింగ్ నా చేతికిచ్చి ఇంజనీర్ సార్ వేరే సైటుకి వెళ్లిపోయారు. గ్రిడ్ లైన్లు ఎలాగో వేశాను. 230 ఇంటూ 450 కాలమ్‌లు. మూల కాలమ్ పొడుగు ఏ వైపు ఉండాలో చూసుకోకుండా అన్నీ ఒకే వైపు తిప్పి మార్క్ ఇచ్చేశాను. రాడ్ల వాళ్లు ఒకరోజంతా కట్టారు. సాయంత్రం సెంట్రింగ్ మేస్త్రీ వచ్చి, డ్రాయింగ్ కాగితం తిప్పి తిప్పి చూసి, "సార్, ఈ బొమ్మలో ఆ మూల డబ్బా నిలువుగా ఉంది కదా, మనం అడ్డంగా పెట్టామేమో" అన్నాడు. ఆయనకి ఇంగ్లిష్ అక్షరం రాదు. బొమ్మ చూసి పట్టుకున్నాడు. కాంక్రీటు పడి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ వస్తుంది.

ఆ రాత్రి నుంచి ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆరు నెలల్లో రావాల్సింది రెండేళ్లు పట్టింది. అక్కా, మీ తమ్ముడు ఏ కాలేజీలో చేరినా సరే, ఆ ఆరు నెలలు మాత్రం ఎవరు చెప్పినా వదులుకోవద్దని చెప్పండి. చేతులు జోడించి చెబుతున్నాను.


డెల్టా_లెవెల్
ఆదివారం, రాత్రి 9:30

ధైర్యంగా రాశావు తమ్ముడూ. మా సైటుకి ట్రైనింగ్ కోసం వచ్చే పిల్లల్లో కొందరు మొదటి రోజే "సార్, సంతకం పెడతారా, మేం రాకపోయినా పర్లేదా" అని అడుగుతారు. నేను పెట్టను. తిట్టను కూడా. ఒక్క వారం రండి, ఆ తర్వాత మీ ఇష్టం అంటాను. వారం తర్వాత వెళ్లిపోయినవాళ్లు తక్కువ.


మాజీ_లెక్చరర్
ఆదివారం, రాత్రి 10:15

నమస్తే అమ్మా. నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిల్ శాఖలో 31 ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను. పై కామెంటులో ఒకబ్బాయి టోటల్ స్టేషన్ బీరువాలో ఉండేదని రాశాడు, అది చదివి మనసు కష్టపడింది. చాలా చోట్ల నిజమే అది. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బయటికి తీయరు. మిషన్ వాడితే పాడవుతుందేమో గానీ, వాడకపోతే పిల్లాడు పాడవుతాడు.

అందుకని ఆప్షన్లు పెట్టేముందు ఒక పని చెయ్యండి. కాలేజీ పేరు, బిల్డింగు చూసి పెట్టొద్దు. మామూలు పని రోజు పొద్దున వెళ్లండి. గ్రౌండులో పిల్లలు లెవెల్ మిషన్ పెట్టుకుని కనిపిస్తున్నారా చూడండి. మెటీరియల్ ల్యాబుకి వెళ్లి క్యూబులు పగలగొట్టే మిషన్ పనిచేస్తోందా అని అడగండి, తొట్టిలో క్యూబులు నానుతున్నాయా చూడండి. నీళ్లు ఎండిపోయి తొట్టిలో దుమ్ము ఉందంటే సంగతి అర్థమైపోతుంది. ఫైనలియర్ పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని, ట్రైనింగ్ ఎక్కడ చేశారు బాబూ అని అడగండి. సైటు పేరు, అక్కడ ఏం పని జరిగిందో వెంటనే చెబితే మంచి కాలేజీ.

డ్రాయింగ్ గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు ఆటోక్యాడ్ వచ్చింది కదా, చేత్తో గీయడం ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆటోక్యాడ్ రావాలి, ఎక్సెల్‌లో ఎస్టిమేట్ వెయ్యడం రావాలి, ఇవి లేకుండా ఆఫీసులో నిలవలేరు. కానీ సెక్షన్ అంటే ఏంటో, ఇంటిని నిలువునా కోస్తే లోపల మెట్లు, బీము, పునాది ఎలా కనిపిస్తాయో చేత్తో గీసినవాడికి కళ్లకి కడుతుంది. మొదట చెయ్యి, తర్వాత మౌసు.


దోహా_సర్వే
సోమవారం, ఉదయం 6:40

నేను ఖతర్‌లో సర్వేయర్‌ని, సొంతూరు జగిత్యాల. డిప్లొమా సివిల్ మీదే వచ్చాను. ఇక్కడ మనవాళ్లు సర్వేలో, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్‌లో చాలామందే ఉన్నారు. టోటల్ స్టేషన్ మీద చెయ్యి ఆడితే భాష రాకపోయినా పని ఆగదు. కానీ చదువు అవ్వగానే రావొద్దు, ఇండియాలో మూడేళ్లైనా చేసి రండి, ఇక్కడ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. సర్టిఫికెట్లు అటెస్టేషన్ చేయించుకోవాలి, మన దగ్గర ఒకటి, విదేశాంగ శాఖది ఒకటి, ఆ తర్వాత వాళ్ల ఎంబసీ. ఏజెంటు మాట విని టూరిస్టు వీసా మీద అస్సలు రావొద్దు. నా రూమ్మేట్ అలా వచ్చి నాలుగు నెలలు పని లేకుండా ఉన్నాడు, వాళ్లమ్మ నగలు కుదువపెట్టి పంపింది.


కర్నూలు_అక్క
సోమవారం, రాత్రి 8:20

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి, ఇవాళ పనికి వెళ్లేముందు నాన్నకి మొత్తం చదివి వినిపించాను. జీతం సంగతి విన్నప్పుడు తమ్ముడి వైపు చూశాడు. సెంట్రింగ్ మేస్త్రీ సంగతి మళ్లీ చదవమన్నాడు, రెండుసార్లు విన్నాడు.

తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు చెప్పాడు. రాడ్ల లెక్క కాగితం వస్తే ఆయన ఇంజనీర్ సారు వచ్చేదాకా పని ఆపుకుని కూర్చునేవాడట, కాగితం చేతిలోనే ఉండేదట, అందులో ఏం రాశారో తెలిసేది కాదట. ఇన్నేళ్లలో మాకెప్పుడూ ఈ మాట చెప్పలేదు.

ఇప్పుడు ఆయన ఒకటి అడగమన్నాడు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "శ్లాబుకి రాడ్లు కింద పెట్టాలి, సన్‌షేడ్‌కి పైన పెట్టాలి అని మా గురువు చెప్పాడు. ఎందుకని అడిగితే పెట్టమన్నచోట పెట్టు అన్నాడు. ఆయనకీ తెలీదేమో. నేను కూడా నా కింద పనిచేసేవాళ్లకి అలాగే చెబుతున్నా. ఒకసారి పక్క ఊళ్లో వేరే మేస్త్రీ కింద పెడితే సెంట్రింగ్ విప్పిన రోజే సన్‌షేడ్ ఊడి పడింది. అది ఎందుకో ఆ కాలేజీలో చెబుతారా?"


మాజీ_లెక్చరర్
సోమవారం, రాత్రి 9:05

చెబుతారమ్మా. అది చెప్పడానికే ఉంది ఆ కాలేజీ. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి, 31 ఏళ్లలో ఇంత మంచి ప్రశ్న నన్ను ఎక్కువమంది అడగలేదు.

ఇప్పుడే చూపించొచ్చు. మీ తమ్ముడి దగ్గర పొడుగాటి రబ్బరు ఉంటే తెమ్మనండి, పెన్సిల్ గీతలు చెరిపేదే. దాని పక్క భాగం మీద పెన్నుతో నిలువు గీతలు దగ్గర దగ్గరగా గీయమనండి. దాన్ని రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టి మధ్యలో వేలితో నొక్కండి. కింద గీతలు దూరం జరుగుతాయి, పైన దగ్గరవుతాయి. కింద లాగుడు, పైన నొక్కుడు. కాంక్రీటు నొక్కుడు బాగా ఓర్చుకుంటుంది, లాగుడు ఓర్చుకోలేదు, అందుకని లాగుడు ఉన్నచోట ఇనుము పెడతాం. శ్లాబు అదే.

ఇప్పుడు అదే రబ్బరు ఒక కొస టేబుల్ అంచు మీద గట్టిగా అదిమి పట్టుకుని, రెండో కొస గాల్లో ఉంచి కిందికి నొక్కండి. ఈసారి టేబుల్ అంచు దగ్గర పై గీతలు దూరం జరుగుతాయి. సన్‌షేడ్ అదే. లాగుడు పైకి వచ్చింది, ఇనుమూ పైకి రావాలి. కింద పెడితే ఇనుము ఉన్నా లేనట్టే, గోడ దగ్గర పైన చీలి ఊడిపోతుంది. సన్‌షేడ్ రాడ్లు కట్టాక వాటి మీద నడవొద్దని మేస్త్రీలు అరుస్తారు చూడండి, తొక్కితే కిందికి దిగిపోతాయని. వాళ్లకి సూత్రం తెలియకపోయినా జాగ్రత్త తెలుసు.


సెకండియర్_సివిల్
సోమవారం, రాత్రి 9:40

సార్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఈ సెమిస్టర్‌లోనే ఉంది నాకు. ఇప్పుడే హాస్టల్లో రబ్బరుతో చేసి చూశాను. రూములో అందరూ లేచి వచ్చి చూశారు.


ఆదివారం_లేదు
మంగళవారం, ఉదయం 7:15

అక్కా, నేను రెండో వైపు రాశాను కదా, నాన్నగారి మాట చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మీ తమ్ముడికి నాకు లేనిది ఒకటి ఉంది. మూలమట్టం, రసమట్టం, 3-4-5 వేసి మూల పట్టడం, ఇవన్నీ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. సెలవులకి వచ్చినప్పుడల్లా నాన్నతో పనికి వెళ్లమనండి. జీతం సంగతి మాత్రం నేను రాసింది రాసినట్టే ఉంచండి, అది కూడా తెలిసి రావాలి.

డెల్టా_లెవెల్ అన్నా, మీ వైపు సర్వే పని ఏదైనా ఉంటే చెప్పండి. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటాను.


డెల్టా_లెవెల్
మంగళవారం, ఉదయం 8:02

నీకు మెసేజ్ పెట్టాను తమ్ముడూ, చూడు. వచ్చే నెల కాలువ పని మొదలవుతోంది. స్టాఫ్ పట్టుకునే దగ్గర నుంచి మొదలుపెట్టాలి, ఇష్టమైతే రా.


కర్నూలు_అక్క
గురువారం, రాత్రి 9:50

ఆప్షన్లు పెట్టేశాం. బుధవారం నాన్న పని మానుకుని తమ్ముడితో కలిసి రెండు కాలేజీలు తిరిగి వచ్చాడు. ఒకచోట తొట్టిలో నీళ్లున్నాయి, క్యూబుల మీద తేదీలు రాసి ఉన్నాయట. ఇంకోచోట ల్యాబుకి తాళం వేసి ఉందట, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడెవరికీ తెలీదట. తొట్టిలో నీళ్లున్న దాన్నే మొదటి ఆప్షన్ పెట్టించాడు, సివిల్. జీతం గురించి, "మొదటి మూడేళ్లు నేను చూసుకుంటా" అన్నాడు, అంతకుమించి ఏం చెప్పలేదు.

ఆదివారం తమ్ముడు నాన్న టేపు, దారం తీసుకుని మా ఇంటి ప్లాన్ కాగితం మీద గీశాడు. కొలతలన్నీ రాశాడు, వంటింటి గోడ ఒకటి మూల తిరగలేదని కనిపెట్టాడు. నాన్నకి అది ముందే తెలుసట, మా తాత కట్టిన గోడట.

డ్రాయింగ్ సామాను ఏం కొనాలో ఎవరైనా చెబుతారా? ఇంకా, మాజీ_లెక్చరర్ గారూ, నాన్న ఆ రబ్బరు మూడు రోజులుగా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇవాళ పని నుంచి రాగానే ఇంకో ప్రశ్న అడగమన్నాడు. శ్లాబు మధ్యలో రాడ్లు కిందే ఉన్నా, బీము దగ్గరికి వచ్చేసరికి కొన్ని పైకి వంచుతారు కదా, అది ఎందుకు అని.


ట్రైనింగ్_లేనివాడు
గురువారం, రాత్రి 10:05

అక్కా, మినీ డ్రాఫ్టర్ కొత్తది కొనొద్దు, సెకండియర్‌కి వెళ్లిన సీనియర్లు సగం ధరకే ఇచ్చేస్తారు. పెన్సిళ్లు హెచ్‌బీ, హెచ్, 2హెచ్ తీసుకోండి. మంచి రబ్బరు ఒకటి ఎక్కువ కొనండి.


మాజీ_లెక్చరర్
గురువారం, రాత్రి 10:30

ఈసారి రబ్బరు ఒక్కో కొసనీ కిందొకటి పైనొకటి రెండేసి పుస్తకాల మధ్య గట్టిగా బిగించి పట్టుకోమనండి, కొసలు లేవకూడదు. అప్పుడు మధ్యలో నొక్కి, కొసల దగ్గర పై గీతలు ఏమవుతున్నాయో నాన్నగారినే చూసి చెప్పమనండి.